ఒక్క ప్యానెల్, ఐదు ఇనుప బిళ్లలు: పగటి ఎండను రాత్రి వంటకు దాచే పొయ్యి కట్టుకోవడం ఎలా

మా ఇంట్లో దాలి ఉన్న రోజులు నాకు బాగా గుర్తు. పెరటి గోడవారన చిన్న గుంట, అందులో నివురుగప్పిన పిడకలు, పైన మట్టికుండలో పాలు. పొద్దున పెడితే సాయంత్రానికి పాలు లేత ఎరుపుకు తిరిగి, పైన మీగడ మందంగా కట్టేది. మంట కంటికి కనిపించేది కాదు. పొయ్యిమీద పది నిమిషాల్లో పొంగే పాలను పదిగంటలు పట్టి కాచడమే దాలి పని.

సోలార్ ప్యానెల్‌తో వండాలనుకునే వాళ్లు దాలిని మరిచిపోయి గ్యాసు పొయ్యిని మనసులో పెట్టుకుంటారు. అక్కడే తప్పటడుగు పడుతుంది. గ్యాసు బర్నరు గిన్నెకు వెయ్యి వాట్లకు పైగా వేడి ఇస్తుంది. ఒక మామూలు ప్యానెల్ మంచి ఎండలో రెండు వందల పైచిలుకు వాట్లు ఇస్తుంది, కానీ అలా రోజంతా ఇస్తూనే ఉంటుంది. కాబట్టి వేడిని పుట్టించడం మీద కాదు, పుట్టిన వేడిని పోనివ్వకపోవడం మీద శ్రద్ధ పెట్టాలి. నేను చెప్పబోయే పొయ్యిలో ప్యానెల్ చివరగా కొనాల్సిన వస్తువు. మొదట కట్టాల్సింది పెట్టె.

ధర్మసాగర్ దగ్గర మా పొలంలో ఉన్న గదిలో ఇలాంటిది కట్టుకుని వాడుతున్నాను. దీన్ని మొదటిసారి చూసి మా అమ్మ, "ఇది మన దాలే కదా బిడ్డా, పిడకలు లేవంతే" అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఇది ఎవరికి, ఎవరికి కాదు

మీ ఇంటికప్పు మీద ఇప్పటికే గ్రిడ్‌కు కలిపిన సోలార్ ఉంటే ఇదంతా అక్కర్లేదు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లు, అంతకు మించిన వాటికి 78,000 రూపాయల రాయితీ ఉంది. అలా పెట్టుకున్నవాళ్లు ఇండక్షన్ పొయ్యి కొనుక్కుని హాయిగా వండుకోవచ్చు. పొలం దగ్గర గది ఉన్నవాళ్లు, కరెంటు నిలకడ లేని చోట ఉండేవాళ్లు, చేత్తో ఏదో ఒకటి చేసుకుంటే తప్ప నిద్ర పట్టనివాళ్లు ముందుకు చదవండి.

బయట ప్యానెల్, లోపల పొయ్యి, మధ్యలో వేడి నిల్వ అనే ఆలోచన కొత్తది కాదు. ఇండియన్ ఆయిల్ సంస్థ ఫరీదాబాద్ పరిశోధన కేంద్రంలో తయారైన సూర్య నూతన్ పొయ్యిని 2022లో అదే పద్ధతి మీద చూపించారు. కాలిఫోర్నియాలోని కాల్ పాలీ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ ఆచార్యుడు పీట్ స్వార్ట్జ్ బృందం 100 వాట్ల ప్యానెల్‌నే నేరుగా హీటరుకు కలిపి, చుట్టూ వేడి పోకుండా దట్టంగా కప్పి పేద ఇళ్లకు పొయ్యిలు చేసింది. నేను చేసింది అదే దారిలో మన దగ్గర దొరికే సరుకుతో.

పెట్టె: ఊక బూడిదతో

200 లీటర్ల రేకు డ్రమ్ము ఒకటి తెచ్చి అడ్డంగా సగానికి కోయించండి. నూనె డ్రమ్ము అయితే లోపల పూర్తిగా కడిగి, ఆరబెట్టి, ఆ తరువాతే కోయాలి. లోపల ఆవిరి మిగిలిన డ్రమ్మును గ్యాసుతో కోస్తే పేలుతుంది. రసాయనాల డ్రమ్ము ఎంత చవకగా వచ్చినా వద్దు. సగం డ్రమ్ముకు వెడల్పు 57 సెంటీమీటర్లు, ఎత్తు 44 దాకా వస్తుంది. కోసేటప్పుడు ఒక సగం కాస్త పెద్దగా, 50 సెంటీమీటర్లు వచ్చేలా చూసుకుంటే మేలు.

డ్రమ్ము మధ్యలో 28 సెంటీమీటర్ల వెడల్పున్న స్టీలు గొట్టం లాంటిది నిలబడాలి. అడుగు తీసేసిన పాత స్టీలు బియ్యం డబ్బా సరిపోతుంది. జింకు పూత ఉన్న రేకు వాడకండి, ఆ పూత ఈ వేడికి పెచ్చులూడుతుంది. ఈ గొట్టం పై అంచు, డ్రమ్ము పై అంచు ఎక్కడా ఇనుముతో కలవకూడదు. కలిస్తే వేడి ఆ దారి వెంట బయటికి నడిచిపోతుంది. రెంటి మధ్య పైకప్పుగా సిమెంటు బోర్డును రింగులా కోసి పెట్టండి.

ఇక గొట్టానికీ డ్రమ్ముకూ మధ్య ఉన్న 14 సెంటీమీటర్ల ఖాళీలో ఏం నింపాలన్నది ప్రశ్న. దుకాణంలో దొరికే రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన దూది లాంటిది) మంచిదే. కానీ వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి, నిజామాబాద్ జిల్లాల్లో ఉండి డబ్బిచ్చి ఇన్సులేషన్ కొనడం నాకు మనస్కరించలేదు. ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లలో ఊక కాలి గుట్టలుగా పడే బూడిద ఉంది కదా, ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు చల్లారకుండా పైన చల్లేది దాన్నే. గాలిని లోపల బిగపట్టుకున్న సిలికా అది. పరకాల దారిలోని ఒక మిల్లుకు వెళ్లి రెండు బస్తాల బూడిద అడిగితే గుమస్తా నన్ను ఎగాదిగా చూసి, "బూడిద తీసుకుపోయి ఏం చేస్తారు సారూ, ఒక లారీ పంపమంటారా?" అన్నాడు.

బూడిద విషయంలో మూడు జాగ్రత్తలున్నాయి. తెచ్చిన బూడిదను రెండు రోజులు ఆరుబయట పరిచి ఉంచండి, లోపల నిప్పు దాగి ఉండవచ్చు. జల్లెడ పట్టేటప్పుడు ముక్కుకు మంచి మాస్కు తప్పనిసరి, ఆ సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు హాని. నల్లగా ఉన్నదానికన్నా బూడిద రంగు, తెలుపు కలిసినది ఎంచుకోండి. నల్లదనమంటే బొగ్గు మిగిలిందని అర్థం, బొగ్గు కరెంటును కూడా కొంత పారిస్తుంది. కాల్చని ఊకను లోపలి వరుసలో ఎప్పుడూ వాడవద్దు, 200 డిగ్రీలు దాటితే అది మాడి పొగ రేపుతుంది. పత్తి మన ఊళ్లలో ఎంత చవక అయినా దీని దగ్గరికి రానివ్వవద్దు.

అడుగున 12 సెంటీమీటర్ల బూడిద పోసి, దానిమీద ఇనుప బిళ్లల బరువు మోయడానికి తేలిక ఇటుక (ఏఏసీ బ్లాకు) ముక్కలు మూడు నిలబెట్టండి. మిగతా ఖాళీ అంతా బూడిదతో నింపుతూ డ్రమ్మును పక్కల తట్టుతూ ఉండండి. తడితే బూడిద దిగుతుంది. గట్టిగా దట్టిస్తే మాత్రం లోపలి గాలి పోయి పనితనం తగ్గుతుంది. పైన మూతకు, రాక్‌వూల్ ముక్కలను అల్యూమినియం రేకులో చుట్టి 12 సెంటీమీటర్ల మందం బిరడా చేయండి. ఇది గొట్టంలోకి సరిగ్గా దిగాలి.

ప్యానెల్ లేకుండా ఒక పరీక్ష

ఇప్పుడే ఆగి పెట్టెను పరీక్షించండి. మూడు లీటర్ల నీళ్లు గ్యాసు మీద తెర్లేదాకా మరిగించి, మూతపెట్టిన గిన్నెను గొట్టంలో దించి బిరడా వేయండి. నాలుగు గంటల తరువాత నీళ్ల వేడి 80 డిగ్రీల కిందకు పోకూడదు. పోయిందంటే దోషం దాదాపు ఎప్పుడూ బిరడాలోనే ఉంటుంది. అంచుల్లో సందు లేకుండా చూడండి.

ఈ పరీక్ష నెగ్గితే మీకు అప్పుడే ఒక పొయ్యి దొరికినట్టు. అన్నం గ్యాసు మీద పొంగు వచ్చి ఐదు నిమిషాలు ఉడికాక పెట్టెలో దించితే మిగతాది దానంతట అదే ఉమ్మగిల్లుతుంది. అన్నం ఉమ్మగిల్లనివ్వడం మన వంటింటికి కొత్త విద్య కాదు. ఒక్కటి గుర్తుంచుకోండి: పప్పు, మాంసం లాంటివి 60 డిగ్రీల కింద గోరువెచ్చగా గంటల తరబడి ఉంచితే పాడవుతాయి. వేడిగా తినండి, లేదా మళ్లీ మరిగించండి.

వేడిని దాచే బిళ్లలు

ఇసుకలో వేడి దాచవచ్చని చాలామంది చెబుతారు. దాచవచ్చు, కానీ తిరిగి ఇవ్వదు. ఎండిన ఇసుకలో వేడి నత్తనడక నడుస్తుంది, అడుగున 250 డిగ్రీలు ఉన్నా పైన పెట్టిన గిన్నె తాపీగా కాగుతుంది. కరీంనగర్ గ్రానైటు పలకలు నాకూ మనసులో మెదిలాయి. అవి ఇసుక కన్నా నయం, కానీ పగుళ్లలో తడి ఉంటే వేడికి చిట్లుతాయి, కంటి ముందు చిట్లితే ప్రమాదం. చక్కెరకు బదులు వాడే ఎరిత్రిటాల్ 118 డిగ్రీల దగ్గర కరుగుతూ కిలోకు సుమారు 340 కిలోజౌళ్ల వేడి పట్టుకుంటుంది. ఆ గుణం అద్భుతమే కానీ ధర బరువు, మరీ వేడెక్కితే చెడిపోతుంది.

నేను ఇనుము దగ్గర ఆగాను. వెల్డింగ్ షాపులో 10 మిల్లీమీటర్ల మందం పలక నుంచి 25 సెంటీమీటర్ల వెడల్పు గుండ్రటి బిళ్లలు ఐదు కోయించండి. ఒక్కొక్కటి నాలుగు కిలోలకు కాస్త తక్కువ, మొత్తం 19 కిలోలు. ఇనుము కిలోకు, ఒక డిగ్రీ వేడెక్కడానికి 0.47 కిలోజౌళ్లు పడుతుంది. అంటే ఐదు బిళ్లలూ ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 9 కిలోజౌళ్లు. వాటిని 220 డిగ్రీలకు కాచి, వంటలో 110 దాకా దిగనిస్తే చేతికి వచ్చేది 110 ఇంటూ 9, దాదాపు వెయ్యి కిలోజౌళ్లు.

వెయ్యి కిలోజౌళ్లు ఎంత? అరకిలో బియ్యానికి లీటరు పైన నీళ్లు పోసి, 30 డిగ్రీల నుంచి తెర్లేదాకా తీసుకువెళ్లడానికి సుమారు 400 కావాలి. ఆ తరువాత పెట్టెలో వేడి పోదు కనుక పెద్దగా ఖర్చుండదు. రాత్రి అన్నం, ఒక పప్పు వచ్చేస్తాయి.

గ్యాసుతో కోసిన అంచులను గ్రైండరుతో సాపు చేయించండి. పై బిళ్ల పైముఖం అద్దంలా కాకపోయినా ఇస్త్రీ పెట్టె అడుగులా చదునుగా ఉండాలి. గిన్నె అడుగు కూడా అంతే. సొట్ట పడ్డ గిన్నె, గుండ్రటి అడుగు కడాయి ఇక్కడ పనికిరావు. ఇండక్షన్ గిన్నెల అడుగు సరిగ్గా సరిపోతుంది.

హీటరు: ఒక కాయిల్, మూడు ముక్కలు

మొదటి ప్రయత్నంలో ఇంట్లోని 1000 వాట్ల కరెంటు పొయ్యిని నేరుగా ప్యానెల్‌కు తగిలించాను. గంటకు నీళ్లు గోరువెచ్చనయ్యాయి. ప్యానెల్ చెడిపోయిందనుకున్నాను. చెడిపోయింది నా లెక్క. ఆ కాయిల్ నిరోధం, అంటే కరెంటుకు అది ఇచ్చే అడ్డు, 53 ఓమ్‌లు. ప్యానెల్ నుంచి వచ్చే 40 వోల్టుల చిల్లరకు దానిలో ఒక ఆంపియర్ కూడా పారదు, దక్కేది 40 వాట్ల లోపు.

ప్యానెల్ వెనక చీటీ చూడండి. నా 335 వాట్ల ప్యానెల్ మీద గరిష్ఠ శక్తి దగ్గర 37.8 వోల్టులు, 8.87 ఆంపియర్లు అని ఉంది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 4.3 ఓమ్‌లు. హీటరు నిరోధం అంత ఉంటేనే ప్యానెల్ తన శక్తి అంతా ఇస్తుంది.

ఇప్పుడు ఒక సులువు చెబుతాను. కరెంటు సామాన్ల దుకాణంలో 2000 వాట్ల విడి కాయిల్ దొరుకుతుంది. దాని నిరోధం సుమారు 26.4 ఓమ్‌లు. ఆరో వంతు కోస్తే 4.4. నేను మొదట అలాగే కోశాను, లెక్క కుదిరింది. కానీ తీగ మీటరు చిల్లర పొడవే, అంత శక్తినీ అదే మోయాలి. ఎర్రగా కాలి, మూడో రోజుకు కింద ఉన్న అభ్రకం రేకును పాడుచేసింది. రెండోసారి కాయిల్‌ను మూడు సమాన ముక్కలు చేశాను. ఒక్కొక్కటి 8.8 ఓమ్‌లు. రెంటిని పక్కపక్కన సమాంతరంగా కలిపితే మళ్లీ 4.4. ఇప్పుడు తీగ నాలుగింతలు, మొత్తం వేడి అంతే అయినా తీగలో ప్రతి అంగుళం మోసేది నాలుగో వంతే, ఎరుపెక్కదు. మూడో ముక్క నిల్వకు దాచుకోవచ్చు. 540 వాట్ల ప్యానెల్ ఉన్నవాళ్లు మూడు ముక్కలూ సమాంతరంగా కలుపుకుంటే 2.9 ఓమ్‌లు వస్తుంది, దానికి దగ్గరగా సరిపోతుంది.

రెండు ముక్కల వల్ల ఇంకో మేలుంది. ఎండ సగమైతే ప్యానెల్ ఇచ్చే ఆంపియర్లు సగమవుతాయి, వోల్టులు పెద్దగా తగ్గవు. అప్పుడు 4.4 ఓమ్‌ల హీటరుకు దక్కేది సగం శక్తి కాదు, పావు వంతు. అదే ఒక ముక్కను డీసీ రకం స్విచ్చుతో తప్పించి 8.8 ఓమ్‌ల మీద నడిపితే 150 వాట్ల పైచిలుకు దక్కుతుంది. పొద్దున తొమ్మిదిన్నర దాకా ఒక ముక్క, తరువాత రెండు, సాయంత్రం మూడున్నర తరువాత మళ్లీ ఒకటి. ఇది నా అలవాటు. కాల్ పాలీ బృందం ఈ చిక్కుకు తీగ బదులు డయోడ్‌ల (కరెంటును ఒకే దిక్కున పారనిచ్చే చిన్న భాగాల) వరుసను హీటరుగా వాడి పరిష్కారం కనిపెట్టింది. ఎండ ఎంత మారినా వాటిమీద వోల్టేజీ దాదాపు ఒకేలా ఉంటుంది. అయితే మామూలు డయోడ్‌లు 220 డిగ్రీల ఇనుము మధ్య బతకవు.

తీగను చుట్టడానికి పాతకాలపు ఇస్త్రీ పెట్టె ఎలిమెంటును నమూనాగా తీసుకోండి. ఇస్త్రీ పెట్టెలు బాగుచేసేవాళ్ల దగ్గర అభ్రకం రేకులు దొరుకుతాయి. 18 సెంటీమీటర్ల పొడవు, 5 వెడల్పు పట్టీలు రెండు కోసి, అంచుల్లో 8 మిల్లీమీటర్లకొక గాటు పెట్టండి. కాయిల్‌ను మెల్లగా సాగదీసి నిటారు చేసి, గాట్లలో కూర్చోబెడుతూ చుట్టాలి. ఒక్కో పట్టీకి ఇరవై పైన చుట్లు వస్తాయి. చుట్టుకు చుట్టు తగలకూడదు. పైనొక అభ్రకం, కిందొక అభ్రకం కప్పి, కింది రెండు బిళ్లల మీద రెండు పట్టీలూ పక్కపక్కన పరిచి, మిగతా మూడు బిళ్లలు పైన దించండి. ఆ బరువే బిగింపు.

ఇప్పుడు మల్టీమీటరు తీయండి. తీగకూ ఇనుముకూ మధ్య ఏ సంబంధమూ చూపకూడదు. తీగ రెండు కొసల మధ్య 8.8 దగ్గర చూపాలి. చవక మీటర్ల తీగలకే అర ఓమ్ ఉంటుంది. రెండు మొనలు కలిపి ఎంత చూపుతుందో చూసి అది తీసేయండి.

తీగ కొసలను రెండు పేటలుగా మెలితిప్పి, గాజునూలు గొట్టం తొడిగి డ్రమ్ము బయటికి తీసుకురండి. బయట పింగాణీ కనెక్టరులో ఇత్తడి మరలతో బిగించాలి. టంకం వేడికి కరుగుతుంది, పీవీసీ తీగ కాలుతుంది, ఆ రెండూ డ్రమ్ము లోపలికి రాకూడదు.

వేడి హద్దు దాటకుండా

ఈ భాగాన్ని దాటవేయవద్దు. పెట్టె అంత బాగా వేడిని పట్టుకుంటే, ఆపేవాడు లేని హీటరు ఇనుమును ఎంతదాకా అయినా తీసుకుపోతుంది.

ఇంట్లో వాడే స్విచ్చులు, థర్మోస్టాట్లు ఏసీ కరెంటుకు చేసినవి. ఏసీ సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్చు తెరవగానే నిప్పురవ్వ ఆరిపోతుంది. ప్యానెల్ ఇచ్చే డీసీ అలా కాదు, రవ్వ నిలబడి లోహాన్ని కరిగించి అతికిస్తుంది. ఇంకొకటి: ఒక్క ప్యానెల్‌కు ఫ్యూజు పెట్టి నిశ్చింతగా ఉండకండి. రెండు తీగలు కలిసిపోయినా ప్యానెల్ ఇచ్చేది మామూలు కన్నా అర ఆంపియర్ ఎక్కువ, ఫ్యూజు పోదు.

నా ఏర్పాటు ఇది. ప్యానెల్ నుంచి వచ్చే తీగలో మొదట డీసీ బ్రేకరు. తరువాత డీసీ రకం సాలిడ్ స్టేట్ రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును తెరిచి మూసే స్విచ్చులు) రెండు, ఒకదాని తరువాత ఒకటి. దుకాణంలో ఏసీ రకం అంటగడతారు, అది డీసీలో ఒకసారి వెలిగితే ఆరదు. అడిగి, ఒంటిమీద రాసింది చూసి తీసుకోండి. రిలేలను అల్యూమినియం రెక్కల పలక మీద బిగించాలి. రిలేలను నడిపేది పాత యూపీఎస్‌లోని 12 వోల్టుల చిన్న బ్యాటరీ, అది నెలకొకసారి చార్జి చేస్తే చాలు. మొదటి రిలేకు వెళ్లే సన్నని తీగలో 220 డిగ్రీలకు తనంతట తాను తెరుచుకునే సిరామిక్ థర్మోస్టాట్, రెండో రిలేకు వెళ్లే తీగలో 240 డిగ్రీల థర్మల్ ఫ్యూజు, అంటే ఆ వేడికి ఒకేసారి తెగిపోయేది. రెండూ బిళ్లల పక్కకు తాకుతూ ఉండాలి. రిలే చెడితే తెరుచుకోదు, మూసుకునే ఉండిపోతుంది. అందుకే రెండు. ఒకటి మొండికేసినా ఫ్యూజు కాలి రెండోది ఆపుతుంది. వీటికి తోడు, ఉష్ణోగ్రత చూసే థర్మోకపుల్ మొన ఒకటి బిళ్లకు తగిలించి మల్టీమీటరుతో రోజూ చదవండి.

రెండు ప్యానెళ్లను వరుసగా కలిపి వోల్టేజీ పెంచాలన్న ఆశ వద్దు. 90 వోల్టుల డీసీ తడి చేతులకు ప్రమాదం.

ప్యానెల్

వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ఆదిలాబాద్ ఇరవైకి కాస్త తక్కువ. ప్యానెల్‌ను దక్షిణం వైపు అంతే వాలుగా పెట్టాలి. కోణం కొలిచే సాధనం అక్కర్లేదు. మీటరు వెడల్పు వైపు ఉత్తర దక్షిణాలుగా వచ్చేలా పరిచి, ఉత్తరం అంచును అడుగు ఎత్తు లేపితే 18 డిగ్రీలు. తీగ 4 చదరపు మిల్లీమీటర్ల సోలార్ తీగ, ప్యానెల్‌కూ పొయ్యికీ మధ్య పది మీటర్లకు మించకుండా చూసుకోండి. ప్యానెల్ తీగల కొసలకు ఉండే ఎంసీ4 కనెక్టర్లను కరెంటు పారుతుండగా పీకకండి, ముందు బ్రేకరు దించాలి. నీడ విషయంలో రాజీ లేదు, ఒక కొబ్బరి మట్ట నీడ మూడో వంతు శక్తిని మింగగలదు.

ఎండలు మండే మే నెలలో ఎక్కువ వస్తుందనుకుంటాం. ప్యానెల్ ఒళ్లు 65 డిగ్రీలకు చేరి ఆరో వంతు దాకా శక్తి తగ్గుతుంది. నా లెక్కలో పొయ్యికి మంచి నెలలు బతుకమ్మ పండుగ తరువాత మొదలై హోలీ దాకా.

ఇక కోతులు. మా వైపు కోతుల సంగతి చెప్పనక్కర్లేదు. మొదటి నెలలోనే తీగను లాగి కొరికాయి. తీగ మొత్తం పీవీసీ గొట్టంలో నడిపి, కనెక్టర్లను ప్యానెల్ కింద చట్రానికి కట్టేశాక పోరు తగ్గింది.

మొదటి రోజు

మొదటిసారి ఖాళీగా, బిరడా లేకుండా, గది తలుపులు తెరిచి నడపండి. ఇనుము మీది నూనె, బూడిదలోని తడి పొగగా, ఆవిరిగా పోతాయి. మొదటి రోజు 120 డిగ్రీల దగ్గర ఆపండి, రెండో రోజు 180, మూడో రోజు 220. థర్మోస్టాట్ తనంతట తాను ఆపిందని కళ్లారా చూశాకే వంట మొదలు.

రోజు ఎలా గడుస్తుంది

ఎనిమిదిన్నరకు శనగలో బబ్బెర్లో నానినవి, నీళ్లు, ఉప్పు వేసి బిళ్ల మీద పెట్టి బిరడా వేస్తాను. అప్పటికి ఎండ సగమే, తొందరేమీ లేదు. పదిన్నరకు గుడాలు మెత్తబడి ఉంటాయి, తాలింపు మాత్రం గ్యాసు మీద రెండు నిమిషాలు. పదిన్నరకు పప్పు, పదకొండున్నరకు అన్నం. చల్లని గిన్నె పెట్టాక అన్నం పొంగు రావడానికి అరగంట, ఉమ్మగిల్లడానికి ఇంకో పావుగంట. పచ్చిపులుసుకు పొయ్యితో పనే లేదు.

ఒంటిగంటకు గిన్నెలు తీసి బిరడా బిగిస్తాను. అప్పుడు బిళ్లలు 120 దగ్గర ఉంటాయి. అక్కడి నుంచి రెండు గంటల్లో 220 అందుకుంటాయి. మబ్బు ఆడుతుంటే మూడు. నాలుగున్నరకు ఎండ తగ్గాక బ్రేకరు దించేస్తాను. మూడు గంటలు కదపకుండా ఉంచితే ఏడున్నరకు మీటరు 180 చూపుతుంది. ఆ నలభై డిగ్రీలు బూడిద గోడల గుండా పోయిన వేడి. రాత్రి అన్నానికి మిగిలింది చాలు. బిరడా తీసి, గిన్నె దించి, మళ్లీ మూసేంతలో ఆలస్యం చేయవద్దు. ఉడికిందా అని చూడటానికి మూత తీసిన ప్రతిసారీ రేపటి ఎండలో కొంత అప్పు తీసుకున్నట్టే.

ఈ పొయ్యికి నిజంగా నప్పిన వంట సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు, ఉల్లికాడలు, కారం కలిపి, నూనె రాసిన మందపాటి చదును గిన్నెలో వేళ్లతో పలుచగా అద్ది, మధ్యమధ్య వేలితో రంధ్రాలు చేసి నూనె చుక్కలు వేయండి. మూతపెట్టి, బిళ్ల 190 దగ్గర ఉన్నప్పుడు దించి, బిరడా వేసి పావుగంట మరిచిపోండి. గ్యాసు మీద ఎంత సన్నసెగ పెట్టినా మధ్యలో మాడి అంచు పచ్చిగా ఉండే బాధ ఇక్కడ లేదు. అడుగంతా ఒకే రంగులో, బంగారంలా ఊడి వస్తుంది.

జొన్న రొట్టె సంగతి వేరు. 220 దగ్గర మొదలుపెడితే మూడు రొట్టెలు చక్కగా కాలుతాయి. ఒక్కో రొట్టెలోని నీళ్లు ఆవిరి కావడానికే వంద కిలోజౌళ్లు పోతాయి, నాలుగోదానికి బిళ్ల చల్లబడి అట్టముక్క చేతికి వస్తుంది. ఇద్దరికైతే సరే, పెద్ద కుటుంబానికి రొట్టెలు గ్యాసు మీదే. సకినాల లాంటి నూనె వంటలు ఈ గొట్టంలో అసలు చేయకండి. పొంగిన నూనె బిళ్లల మధ్యకు, బూడిదలోకి దిగితే మంటే. ప్రెజర్ కుక్కరు పెట్టాలనుకుంటే బిరడా వేయకండి, ఆవిరి పోయే దారికి అడ్డు రాకూడదు.

ఎంత మిగులుతుంది

పొగడ్త లేకుండా చెబుతాను. మంచి ఎండ రోజున గిన్నెలోకి చేరే వేడి ముక్కాలు యూనిట్ పైన ఉంటుంది. అంత వేడికి గ్యాసు వంద గ్రాముల పైచిలుకు కాలుతుంది. ఏడాదిలో 240 రోజులు వాడితే రెండు సిలిండర్లు. ప్యానెల్ కొత్తదైతే పెట్టుబడి తిరిగి రావడానికి ఏళ్లు పడతాయి. పాత ప్యానెల్ దొరికినవాళ్లకు, పగలంతా పొయ్యి దగ్గర నిలబడే తీరిక లేనివాళ్లకు లాభం వేరే చోట ఉంది. గిన్నె పెట్టి పొలానికి వెళ్లి వచ్చేసరికి ఏదీ మాడదు, పొంగదు.

పని చేయనప్పుడు

వేడెక్కడం నెమ్మదిస్తే మొదట ప్యానెల్ తుడవండి, మార్చి నెల దుమ్ము ఒక్క వారంలో తెరలా కమ్ముతుంది. తుడిచినా మారకపోతే హీటరు నిరోధం చూడండి. 4.4 బదులు 8.8 చూపితే ఒక పట్టీ తెగింది, దాచిన మూడో ముక్క బయటికి తీయాల్సిన రోజది. అసలేమీ రాకపోతే 12 వోల్టుల బ్యాటరీ, ఆ తరువాత థర్మల్ ఫ్యూజు. ఫ్యూజు కాలిందంటే మొదటి రిలే గానీ థర్మోస్టాట్ గానీ చెడిందన్నమాట. చెడింది మార్చకుండా ఫ్యూజు ఒక్కటే మార్చి నడపకండి.

వర్షాకాలం జూన్ చివర నుంచి సెప్టెంబరు దాకా ముసురు రోజుల్లో దీన్ని ఒక ముక్క హీటరు మీద పెట్టి, పాలు కాగడానికో స్నానాల నీళ్లకో వదిలేస్తాను. ఆ నెలల్లో బూడిద గాలిలోని తేమను తాగుతుంది. అక్టోబరులో మొదటిసారి వెలిగించినప్పుడు 110 దగ్గర సూది కదలకుండా గంటలు నిలబడితే కంగారుపడకండి, లోపలి తడి ఉడుకుతోంది. బిరడా తీసేసి ఒక రోజంతా ఖాళీగా నడపండి. గొట్టం మూతి మీద స్టీలు పళ్లెం ఆనించి చూడండి. పళ్లెం కింద చెమ్మ కట్టడం ఆగాక బిరడా వేసి, బియ్యం కడగవచ్చు.